అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం: చేరే ముందు, చేరాక

హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్ళలో ఉంటున్నవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం వచ్చినవాళ్ళే కాదు. బీపీఈడీ చేసి, జిల్లా స్థాయిలో ఆడి, పొద్దున్నే ఏదో అకాడమీలోనో కాలేజీ గ్రౌండ్‌లోనో అసిస్టెంట్ కోచ్‌గా పనిచేస్తూ, పగలు ఇంకో పని చూసుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ళ కోసం. ‘పేరున్న ప్లేయర్‌ని కాను, ఇందులో నాకు ఎదుగుదల ఉంటుందా?’ అన్నదే వాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న. ఉంటుంది. కాకపోతే మెయిన్ కోచ్ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కూర్చుంటే రాదు.

హైదరాబాద్ నుంచే ఇద్దరి సంగతి చూడండి. ఆర్. శ్రీధర్ హైదరాబాద్ రంజీ జట్టుకి ఎడమచేతి స్పిన్నర్. ఇండియాకి ఆడలేదు. 2014లో భారత జట్టు ఫీల్డింగ్ కోచ్‌గా వెళ్ళి 2021 టీ20 వరల్డ్ కప్ దాకా ఉన్నారు. ఆయన తర్వాత ఆ బాధ్యత తీసుకున్న టి. దిలీప్ కూడా హైదరాబాద్ ఆయనే. దిలీప్ అసలు ఫస్ట్ క్లాస్ క్రికెట్టే ఆడలేదు. ఖర్చుల కోసం పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పారు. కోచింగ్ కోర్సులు ఒక్కో లెవెలూ పూర్తి చేసుకుంటూ, ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ దగ్గర, తర్వాత నేషనల్ క్రికెట్ అకాడమీలో పనిచేసి, 2021 జులైలో ద్రవిడ్‌తో శ్రీలంక టూర్‌కి వెళ్ళారు. అదే ఏడాది నవంబర్‌లో మెయిన్ జట్టు ఫీల్డింగ్ కోచ్‌గా వచ్చారు.

ఈ ఇద్దరూ ‘అన్నీ చూసుకుంటాను’ అనలేదు. ఒక్క ఫీల్డింగ్‌ని పట్టుకున్నారు. మీరు చేయాల్సిందీ అదే. అడిగిన పనల్లా చేసే అసిస్టెంట్‌ని మార్చడం మేనేజ్‌మెంట్‌కి చిటికెలో పని. వికెట్ కీపర్లు, గోల్‌కీపర్లు, రిహాబ్ నుంచి తిరిగొచ్చే ప్లేయర్లు, ఏదో ఒక విభాగం మీ పేరు మీద నడవాలి. నా లెక్కలో మొదటి రెండేళ్ళలో తేల్చుకోవాల్సిన విషయం ఇదొక్కటే.

ఒక లెక్క వేద్దాం. బ్యాచ్‌లో 30 మంది పిల్లలు, క్యాచింగ్‌కి 20 నిమిషాలు. అందరినీ ఒకే లైన్లో నిలబెట్టి మీరొక్కరే బంతి కొడితే, క్యాచ్‌కి 10 సెకన్ల చొప్పున మొత్తం 120 క్యాచ్‌లు. ఒక్కొక్కరికి నాలుగు. మిగతా సమయమంతా వాళ్ళు కబుర్లు చెప్పుకుంటారు. అదే ఐదుగురేసి ఆరు గుంపులు చేసి, ప్రతి గుంపులో ఒకరు బంతి విసిరేలా, వంతులు మారేలా పెడితే 720 క్యాచ్‌లు, మనిషికి 24. మీరు గుంపు గుంపుకీ తిరుగుతూ చేతులు, కాళ్ళ పొజిషన్ సరిచేయొచ్చు. ఇది నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, డ్రిల్, ఎన్ని క్యాచ్‌లు, ఎన్ని జారాయి. మూడు నెలల తర్వాత జీతం గురించి మాట్లాడేటప్పుడు ‘చాలా కష్టపడుతున్నా సార్’ అనే మాట కన్నా ఆ నోట్‌బుక్ బాగా పనిచేస్తుంది.

చేసిన పని కనబడాలి కూడా. 2023 వరల్డ్ కప్‌లో మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో బెస్ట్ ఫీల్డర్‌కి మెడల్ ఇచ్చే పద్ధతి దిలీప్ నడిపించారు. చెన్నైలో ఆస్ట్రేలియా మ్యాచ్ తర్వాత మొదటి మెడల్ కోహ్లీకి. గొప్పంతా ప్లేయర్లకే వెళ్ళింది, ఫీల్డింగ్ మీద మాత్రం దేశమంతా మాట్లాడుకుంది. మీ అకాడమీలో వారానికొకసారి ఇలాంటిదేదైనా పెట్టడానికి పెద్ద ఖర్చు అవదు.

ఇక దెబ్బతినే చోట్లు. మొదటిది, పేరెంట్స్. గేటు దగ్గర పట్టుకుని ‘మా వాడు టీమ్‌లో ఉంటాడా సార్?’ అని అడుగుతారు. మీ నోటి నుంచి అవుననీ రాకూడదు, కాదనీ రాకూడదు. ‘సెలెక్షన్ సంగతి హెడ్ కోచ్‌ని అడగండి, ప్రాక్టీస్ ఎలా ఉందో నేను చెప్తా’ అని అక్కడితో ఆపండి. రెండోది, హెడ్ కోచ్ చెప్పినదానికి పిల్లల ముందు అడ్డు చెప్పడం. ఆయన పొరపాటు పడ్డా సరే, సెషన్ అయ్యాక విడిగా మాట్లాడండి. పిల్లల ముందు ఒక్కసారి అడ్డం తిరిగితే ఆ మనిషి మిమ్మల్ని మళ్ళీ నమ్మడు.

మూడోది అన్నిటికన్నా ఖరీదైనది: నోటిమాట మీద చేరడం. వేసవి క్యాంపు నడిచే ఏప్రిల్, మే నెలల్లో మీరు లేకపోతే నడవదంటారు. జూన్‌లో బ్యాచ్‌లు తగ్గగానే ఫోన్ ఎత్తరు. జీతమెంత, ఏ తారీఖున ఇస్తారు, ఎన్ని సెషన్లు, మానేయాలన్నా తీసేయాలన్నా ఎన్ని రోజుల నోటీసు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. లెటర్‌హెడ్ మీద ఇవ్వకపోతే కనీసం వాట్సాప్‌లో మీరే రాసి పంపి, ‘ఓకే’ అనిపించుకోండి. ‘అనుభవం వస్తుంది కదా’ అని ఊరికే పనిచేయించుకోవడం మన దగ్గరే పుట్టలేదు. అమెరికా కాలేజీల్లో లాక్రోస్ లాంటి ఆటల్లో జీతం లేని వాలంటీర్ అసిస్టెంట్ కోచ్‌లు ఏళ్ళ తరబడి ఉండేవారు. అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఆ హోదానే 2023 జులై నుంచి తీసేసింది.

పై స్థాయికి వెళ్ళినా భద్రత దానంతటది రాదు. 2025 ఏప్రిల్‌లో దిలీప్‌ని కూడా పక్కన పెట్టారని వార్తలొచ్చాయి, ఇంగ్లండ్ టూర్‌కి ముందు మళ్ళీ తీసుకున్నారు. హెడ్ కోచ్ మారితే, రిజల్ట్ తేడా వస్తే ముందు కదిలేది సపోర్ట్ స్టాఫే. అందుకే సర్టిఫికెట్ మీ చేతిలో ఉండాలి. క్రికెట్ అయితే బీసీసీఐ లెవెల్ కోర్సులు, మిగతా ఆటలకి పటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా. ఆ డిప్లొమా కోసం ఏడాది వదులుకోలేనివాళ్ళు ఎన్‌ఐఎస్ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెట్టండి. కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ పోస్టు మీద కన్నుంటే మాత్రం కోచింగ్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో పీజీ గురించి ఇప్పుడే ఆలోచించండి.

ప్రస్తుతం కాగితం లేకుండా పనిచేస్తున్నవాళ్ళు వేసవి క్యాంపు అడ్మిషన్లు మొదలయ్యే ముందే అడగండి. అకాడమీకి మీ అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే.