పొలము పనిలో గాయము: ఆసామి విధి, కూలివాని హక్కు

2022 వరకు కృష్ణా జిల్లాలోనుండి, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామములలో ప్రత్తి, మిరప ముఖ్యమైన పైరులు. పురుగుమందు చల్లుట, ట్రాక్టరుతో దున్నుట, బోరు వేయించుట నిత్యకృత్యములైనవి. వీనియందు అపాయము కలదు. కూలివానికి ప్రమాదము కలిగినప్పుడు పెద్దమనుష్యులు కూర్చుండి, ఆసామిచేత ఎంతో కొంత ఇప్పించి, వేలిముద్ర వేయించి తగవు ముగించుట పలుచోట్ల ఆచారము. అట్టి తీర్మానము చట్టము నెదుట నిలువదనియు, ఉభయులకును నష్టమనియు రైతు సోదరులకు మనవి చేయుచున్నాము.

చట్టము

పనివారల నష్టపరిహార చట్టము 1923లో ఏర్పడి, 1924 జూలై 1 నుండి అమలయ్యెను. దాని విధులు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో చేరి, 2025 నవంబరు 21 నుండి నడచుచున్నవి. పని మూలమున, పని వేళ కలిగిన ప్రమాదమునకు యజమాని పరిహార మీయవలెను. యజమాని తప్పును ఋజువు చేయ నక్కరలేదు.

పురుగుమందు చల్లువారు, యంత్రములతో కోయువారు, నూర్చువారు, ట్రాక్టరు పనివారు, బావులు, బోర్లు త్రవ్వువారు ఇందు చేరినవారు. దినకూలి యైనంత మాత్రమున హక్కు పోదు. చేతితో కలుపు తీయుట, మిరపకాయ కోయుట మాత్రము ఆ పట్టీలో పేర్కొనబడలేదు.

పరిహారపు లెక్క

మరణమునకు నెలజీతములో సగమును, వయస్సునుబట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చవేయుదురు. 40 ఏండ్లకు ఆ అంకె 184.17. నెలకు 12,000 రూపాయల జీతగాడు మరణించిన 6,000ను 184.17తో హెచ్చింపగా 11,05,020 రూపాయలగును. శాశ్వతముగా ఏ పనికిని పనికిరాకుండ పోయినచో సగమునకు బదులు నూటికి 60 వంతులు. అనగా 13,26,024 రూపాయలు. తాత్కాలికముగా పనికి పోలేనివానికి ప్రతి అరనెలకును నెలజీతములో నాలుగవ వంతు.

ఆసామి విధులు

1. మరణ పరిహారమును జిల్లా కార్మిక శాఖ యందలి పరిహారాధికారి వద్ద జమ కట్టవలెను. వారసుల చేతికిచ్చినది, మూడు నెలల జీతము వరకు ముందుగా ఇచ్చినది తప్ప, లెక్కకు రాదు. ఆసామి మరల చెల్లింపవలసివచ్చును.
2. నెలలోగా చెల్లింపనిచో వడ్డీయు, తగిన కారణము లేనిచో పరిహారములో సగము వరకు అదనపు సొమ్మును పడును.
3. హక్కు వదులుకొంటినని వ్రాయించుకొన్న కాగితము చెల్లదు.
4. కూలివారి పేరు, వయస్సు, కూలి, పనిదినములు పుస్తకమున వ్రాసికొనవలెను.

పనివాని విధులు

ప్రమాదమును వెంటనే తెలుపవలెను. ఆసుపత్రి చీటిని భద్రపరచవలెను. మందు చల్లునప్పుడు ముక్కుకు గుడ్డ కట్టి, గాలి వాలున నడువవలెను. త్రాగియుండి గాని, కావలెనని ఆజ్ఞ మీరి గాని, యంత్రపు రక్షణను తొలగించి గాని గాయపడినవానికి పరిహారము లేదు. అయినను మరణమునకును, శాశ్వతమైన సంపూర్ణ వైకల్యమునకును ఈ మినహాయింపు వర్తింపదు.

బీమా

ఇంత సొమ్ము చిన్న రైతు ఒక్కసారిగా తేజాలడు. కావున పని మొదలిడక పూర్వమే బీమా చేయుట వివేకము. ట్రాక్టరు బీమా తొట్టిలో కూర్చున్న కూలివారికి తనంతట వర్తించునని తలంపరాదు, పత్రమును చదివించుకొనవలెను. 18 మొదలు 70 ఏండ్లవారు బ్యాంకు లేక తపాలా పొదుపు ఖాతా నుండి ఏటికి 20 రూపాయలు చెల్లించి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరిన, ప్రమాద మరణమునకు 2,00,000 రూపాయలు వచ్చును. ఇది కలుపు తీయువారికిని, కాయ కోయువారికిని ఆధారము. కాని చట్టప్రకారము ఆసామి ఈయవలసిన దానికి ఇది బదులు కాదు.

సభ్యులు దీనిని తమ పాలేళ్లకును, కూలివారికిని చదివి వినిపింతురు గాక.