ఎంటర్ కొట్టే ముందు ఆ గుర్తేమిటో చూడండి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పాత నగ ఇస్తే రాళ్లూ, పూసలూ, దారమూ పక్కకు తీశాకే అసలు బంగారం ఎంతో లెక్కగడతారు. లినక్స్ నేర్చుకునే పిల్లలకు నేను మొదట చెప్పేదీ అదే. పాఠంలోంచి కాపీ చేసిన కమాండ్‌కు ముందు కనిపించే $ గుర్తు కమాండ్‌లో భాగం కాదు. ‘ఇక టైపు చెయ్యి’ అని టెర్మినల్ పెట్టే గుర్తు అది. దాన్ని ప్రాంప్ట్ అంటారు. దాంతో సహా పేస్ట్ చేస్తే, మీ కమాండ్లను చదివి నడిపే బాష్ అనే షెల్ $ అనే పేరుతో ప్రోగ్రామ్ ఉందేమోనని వెతికి ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. ఆ మాట చూడగానే సాఫ్ట్‌వేరే సరిగా ఎక్కలేదనుకుని, అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ రాత్రంతా కూర్చున్న వాళ్లను చూశాను. చెరిపేయాల్సింది ఒక్క అక్షరమే.

$ నయం, తప్పు జరిగిందని చెబుతుంది. # అయితే మాట్లాడదు. బాష్‌లో # తర్వాత ఉన్నదంతా వ్యాఖ్య కింద లెక్క, కాబట్టి ఏమీ జరగదు, ఎర్రరూ రాదు. పనైపోయిందనుకుని మీరు తర్వాతి మెట్టుకు వెళ్లిపోతారు. పైగా పాఠాల్లో కమాండ్ ముందు # ఉంటే, అది రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అధికారంతో నడపాల్సిందని మామూలుగా అర్థం. గుర్తు తీసేసి మామూలు యూజర్‌గా నడిపితే తరచూ ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. అప్పుడు రూట్ అధికారమిచ్చే సుడో కావాలి. అయితే సుడో పెట్టే ముందు ఆ కమాండ్ ఏం చేస్తుందో చదివి తీరాలి.

అన్నిటికన్నా > ప్రమాదం. పొడుగు కమాండ్ పూర్తికాకుండానే ఎంటర్‌తో రెండో వరుసకు సాగితే షెల్ అక్కడ > చూపిస్తుంది. ఆ వరుసను గుర్తుతో సహా విడిగా పేస్ట్ చేశారనుకోండి, పక్కనున్న మాటను షెల్ ఫైల్ పేరుగా తీసుకుంటుంది. ఆ పేరుతో ఫైల్ లేకపోతే ఖాళీది పుడుతుంది. ఉంటే అందులోదంతా పోయి సున్నా బైట్లు మిగులుతాయి. వెతుక్కోవడానికి రీసైకిల్ బిన్ కూడా ఉండదు.

2020 చివర్లో వచ్చిన బాష్ 5.1 నుంచి, పేస్ట్ చేసింది మీరు ఎంటర్ కొట్టేదాకా మామూలుగా నడవదు. పాత వెర్షన్లలో వరుస చివరి ఎంటర్ కూడా కాపీ అయితే, చూసుకునే లోపే నడిచిపోతుంది. అందుకే ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి, గుర్తులు తీసేసి, అక్కణ్నుంచి టెర్మినల్‌కు తీసుకెళ్లండి.

పులివెందుల జేఎన్‌టీయూఏ కాలేజీలో చదువుతున్నా, ప్రొద్దుటూరు వైఎస్సార్ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నా, డిగ్రీ అయిపోయి జమ్మలమడుగులో ఇంటిపట్టున సిద్ధమవుతున్నా, సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, డెవాప్స్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా పట్టుకోవాలి. ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయమన్నప్పుడు ఎర్రర్ వస్తే తప్పేమీ లేదు. దాన్ని చదవకుండా అదే కమాండ్‌ను మళ్లీ మళ్లీ కొట్టడం మాత్రం ఎదుటివాళ్ల కంట పడుతుంది.

ఈ రాత్రి ఓ కొత్త ఫోల్డర్‌లో పనికిరాని ఫైల్ ఒకటి పెట్టి, ఈ మూడు గుర్తులనూ దాని మీదే ప్రయోగించి చూడండి. ఏ గుర్తుకు ఏం జరిగిందో మీ నోట్‌బుక్‌లో మీ మాటల్లో రాసుకోండి.