ఏ లైటు ఆరింది? – ఇంటి వైఫై రూటర్ పాఠం

హాస్టల్లో మనకి నెట్ అంటే గోడలో ఉన్న పోర్టు. వైరు గుచ్చితే వస్తుంది, రాకపోతే "సర్వర్ డౌన్ రా" అనుకుని పడుకుంటాం. ఇంట్లో అలా కుదరదు. "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, ఆ డబ్బాకి ఏమైందో చూడు" అంటారు. నేను ఈసీఈ. ఏడీఎస్ఎల్ మీద పరీక్షలో పెద్ద ప్రశ్నే రాసి పాసయ్యాను. అయినా పోయిన సెలవుల్లో మా ఇంట్లో ఆ డబ్బా ముందు కూర్చుని తెల్లమొహం వేశాను.

ఆ రోజు మా చెల్లికి ఎంసెట్ వెబ్ ఆప్షన్లు ఇవ్వడానికి ఆఖరి రోజు. పొద్దున్నుంచి నెట్ వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడు లాగిన్ అయ్యి పది కాలేజీలు పెట్టేసరికి మళ్ళీ పోతోంది. మధ్యాహ్నానికి విసుగొచ్చి, రూటర్ హ్యాంగ్ అయిందనుకుని, వెనకాల చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కాను. రీసెట్ అంటే రీస్టార్ట్ అనుకున్నాను. కాదు. అందులో ఉన్న సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటిదాకా వచ్చీపోతున్న నెట్ ఇక పూర్తిగా పోయింది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోలేదు. ఎప్పుడో కనెక్షన్ ఇచ్చిన రోజున వచ్చినాయన టైపు చేసి వెళ్ళిపోయాడు, అంతే.

సాయంత్రం నెట్ సెంటర్‌కి పరిగెత్తాం. వెనకాల ఇంకో ఆరుగురు నిలబడి ఉండగా చెల్లి కాగితం చూసి కోడ్‌లు చదువుతుంటే నేను కొట్టాను. షట్టర్ దించే టైముకి సేవ్ చేసి ప్రింటు తీసుకుని ఇంటికొచ్చాం. భోజనం దగ్గర ప్రింటు చూసి చెల్లి "అన్నయ్యా, ఈ రెండూ తారుమారయ్యాయి" అంది. పైన ఉండాల్సిన కాలేజీ కింద పడింది. సరిచేద్దామంటే ఇంట్లో నెట్ లేదు, సెంటర్ మూసేశారు, అర్ధరాత్రితో గడువు అయిపోతుంది. తర్వాత తేలిందేమిటంటే ఆ రెండు కాలేజీలకీ తన ర్యాంకు అందలేదు, కాబట్టి నష్టం జరగలేదు. కానీ అది మా అదృష్టం, నా తెలివి కాదు.

మర్నాడు వచ్చిన లైన్‌మన్ గారు రూటర్ వైపు ఒక్కసారి చూసి, "బాబూ, ఇంట్లో ఇంకో ఫోన్ ఎక్కడుంది?" అని అడిగారు. ఆ ప్రశ్నతో నాకు పాఠం మొదలైంది. అదే మీకు చెప్తాను.

ఒక డబ్బా, మూడు పనులు

మనం "రూటర్" అని పిలిచే డబ్బాలో నిజానికి మూడు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఒకటి, ఫోన్ తీగ మీద ఎక్స్ఛేంజితో మాట్లాడటం. రెండు, మన యూజర్‌నేమ్‌తో కంపెనీ దగ్గర లాగిన్ అవడం. మూడు, వచ్చిన నెట్‌ని ఇంట్లో అందరికీ వైఫైగా పంచడం. ముందు వైపున్న లైట్లు ఈ మూడింటి సంగతే చెప్తాయి. డీఎస్ఎల్ లైటు మొదటిదానికి, ఇంటర్నెట్ లైటు రెండోదానికి, వైఫై లైటు మూడోదానికి. పవర్ లైటు సంగతి సరే. ఏది ఆరిందో చూడకుండా చెయ్యి పెడితే నాలాగే అవుతుంది.

మొదటి పని: తీగ

మన గొంతు ఫోన్ తీగ మీద సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యలో వెళ్తుంది. రాగి తీగ అంతకంటే ఎంతో ఎక్కువ మోయగలదు. ఏడీఎస్ఎల్ ఆ ఖాళీనే వాడుకుంటుంది. దాదాపు 26 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా మనం పంపే డేటాకి, అక్కడినుంచి పైన మనకొచ్చే డేటాకి. ఏడీఎస్ఎల్2ప్లస్‌లో పై హద్దు 2208 కిలోహెర్ట్జ్. మొత్తం బ్యాండ్‌ని 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున ముక్కలు చేస్తారు. లెక్క కట్టి చూడండి, సరిగ్గా 512 ముక్కలొస్తాయి. తీగ ఎక్కడ బాగుంటే ఆ ముక్క మీద ఎక్కువ బిట్లు, ఎక్కడ గోల ఎక్కువైతే అక్కడ తక్కువ. రూటరూ ఎక్స్ఛేంజిలోని డీశ్లామూ మొదట చేసుకునే ఒప్పందం ఇదే. అప్పుడు డీఎస్ఎల్ లైటు మిణుకుమిణుకుమంటుంది. ఒప్పందం కుదిరితే నిలకడగా వెలుగుతుంది.

గొంతునీ డేటానీ విడదీయడానికి ఇచ్చే చిన్న డబ్బానే స్ప్లిటర్. దానికి మూడు సాకెట్లు. లైన్ అన్నదాంట్లోకి గోడ నుంచి వచ్చే తీగ, ఫోన్ అన్నదాంట్లో ఫోను, మోడెం అన్నదాంట్లో రూటర్. లోపల ఫోన్ వైపు లో పాస్ ఫిల్టర్ ఉంటుంది. సెకండ్ ఇయర్లో మనం బోర్డు మీద గీసిన ఫిల్టరే ఇది.

మా ఇంట్లో తప్పు ఇక్కడే. హాల్లో ఫోనుకి స్ప్లిటర్ ఉంది. కానీ వంటింటి గుమ్మం దగ్గర అమ్మ కోసం పెట్టిన రెండో ఫోను, స్ప్లిటర్‌కి ముందే గోడ డబ్బా నుంచి లాగిన ప్యారలల్ లైను. ఫిల్టర్ లేదు. అది మోగినా, రిసీవర్ ఎత్తినా తీగ మీద పరిస్థితి ఒక్కసారిగా మారిపోతుంది, ఒప్పందం చెడుతుంది, మళ్ళీ కుదరడానికి ఒక నిమిషం పడుతుంది. మామూలు రోజుల్లో ఎవరూ గమనించలేదు. ఆప్షన్ల రోజున మాత్రం పెదనాన్న, అత్తయ్య, మావయ్య, పక్కింటి మాస్టారు అందరూ ఫోన్లు. "ఏ కాలేజీ పెడుతున్నారు?" అని సలహా ఇవ్వడానికి ఫోను చేసిన ప్రతి ఒక్కరూ మా నెట్ కట్ చేశారన్నమాట.

దీనికి మందు చిన్నదే. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా అన్నీ స్ప్లిటర్ ఫోన్ సాకెట్ తర్వాతే ఉండాలి, లేదా ప్రతిదానికీ విడిగా ఫిల్టర్ ఉండాలి. వైరు ఎక్కడైనా మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే అదీ సరిచేయించుకోండి. రూటర్ స్టేటస్ పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ అని ఉంటుంది. అది 6 డెసిబెల్స్ కంటే తక్కువుంటే లైను తెగుతూ ఉంటుంది. 10 దాటితే నిశ్చింత. ఎటెన్యుయేషన్ అన్న అంకె ఎక్స్ఛేంజికి మీ ఇల్లు ఎంత దూరమో చెప్తుంది. దూరం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, స్పీడు తగ్గుతుంది.

రెండో పని: లాగిన్

నేను రీసెట్ నొక్కిన తర్వాత కూడా డీఎస్ఎల్ లైటు నిలకడగానే వెలిగింది. ఇంటర్నెట్ లైటు మాత్రం ఎర్రగా ఉంది. అంటే తీగ బాగానే ఉంది, లాగిన్ పోయింది. అది తెలియక నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "లైను లేదండీ" అని వాదించాను.

మళ్ళీ సెట్ చేయడం ఇలా. ముందు కంప్యూటర్‌ని ల్యాన్ వైరుతోనే కలపండి. వైఫై మీద కూర్చుని వైఫై సెట్టింగులు మారిస్తే మధ్యలో మనమే బయటపడతాం. బ్రౌజర్లో 192.168.1.1 అని కొట్టండి. కొన్నింటికి వేరే అడ్రస్ ఉంటుంది, రూటర్ అడుగున స్టిక్కర్ మీద చూడండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అక్కడే ఉంటాయి. చాలావాటికి రెండూ అడ్మిన్ అన్న మాటే.

లోపల ఇంటర్నెట్ లేదా వ్యాన్ అన్న పేజీలో ఇవి నింపాలి.

వీపీఐ, వీసీఐ: ఏడీఎస్ఎల్ కింద ఏటీఎం పద్ధతి ఉంది. డేటా అంతా 53 బైట్ల సెల్స్‌గా ముక్కలై వెళ్తుంది. అందులో 48 సరుకు, 5 చిరునామా. ఆ చిరునామాలోవే ఈ రెండు అంకెలు. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి 0, 35. మీ కంపెనీవి ఏమిటో అడిగి రాసుకోండి. రీసెట్ తర్వాత ఇవి తప్పుగా ఉంటే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు.

కనెక్షన్ రకం: బ్రిడ్జ్, పీపీపీఓఈ అని రెండు కనిపిస్తాయి. బ్రిడ్జ్ పెడితే రూటర్ ఊరికే తీగలా ఉంటుంది, లాగిన్ మీ కంప్యూటర్ చేయాలి. డెస్క్‌టాప్ మీద "డయల్" బటన్ నొక్కి నెట్‌లోకి వెళ్ళే ఇళ్ళన్నీ ఈ పద్ధతే. వైఫైతో అందరికీ కావాలంటే పీపీపీఓఈ పెట్టి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రూటర్‌కే ఇచ్చేయండి. ఆ తర్వాత డెస్క్‌టాప్ మీది పాత డయలర్ తీసేయండి. ఒక యూజర్‌నేమ్‌తో రెండు లాగిన్లు పడితే గొడవ.

ఎన్‌క్యాప్సులేషన్: ఎల్ఎల్‌సీ అని ఉంచండి, కంపెనీ వేరేగా చెప్తే తప్ప. ఎంటీయూ 1492. ఈథర్నెట్ 1500లోంచి పీపీపీఓఈ తన హెడ్డర్లకి 8 బైట్లు తీసుకుంటుంది, అందుకే ఆ అంకె.

సేవ్ చేసి ఒక నిమిషం ఆగితే ఇంటర్నెట్ లైటు ఆకుపచ్చగా మారుతుంది. మా నాన్న ఫోన్ బిల్లు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి యూజర్‌నేమ్, కొత్త పాస్‌వర్డ్ రాయించుకొచ్చారు. లైన్‌మన్ గారు వైర్లు సరిచేస్తుంటే ఈ పేజీ నేనే నింపాను. మొత్తం పది నిమిషాల పని.

మూడో పని: వైఫై

వైర్‌లెస్ పేజీలో ముందు పేరు మార్చండి. మీ ఇంటి పేరో డోర్ నంబరో పెట్టకండి, ఏదో ఒక మాట చాలు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అన్నది పొరపాటున కూడా వద్దు. 2001 నుంచే దాన్ని ఛేదించే దారులు అందరికీ తెలుసు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. సెల్ నంబరు పెట్టొద్దు, పక్కింటి కుర్రాడు మొదట అదే ప్రయత్నిస్తాడు. సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే అమ్మకీ గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని ఎనిమిది అంకెల పిన్నులో లోపం 2011లో బయటపడింది. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, బయటినుంచి రూటర్ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. ఇవన్నీ ఎందుకంటే, మన కనెక్షన్ మీద ఎవరేం చేసినా రికార్డుల్లో ఉండేది మన నాన్న పేరే.

ఛానెల్ సంగతి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో సిగ్నల్ వెడల్పు 20 పైమాటే. కాబట్టి ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్కిళ్ళవాళ్ళు ఏది వాడుతున్నారో ఫోన్‌లో ఒక యాప్‌తో చూసి, ఈ మూడింట్లో ఖాళీగా ఉన్నది పెట్టండి. రూటర్‌ని ఇనుప బీరువా వెనకా, మైక్రోవేవ్ పక్కనా పెట్టకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో ఉంటే మేలు.

పోయినప్పుడు ఏం చేయాలి

కంగారు పడకుండా మూడు పింగులు కొట్టండి. మొదట 192.168.1.1. జవాబు రాకపోతే మీకూ రూటర్‌కీ మధ్యే తేడా, వైఫైనో వైరునో చూడండి. వస్తే 8.8.8.8. రాకపోతే లైట్లు చూడండి, డీఎస్ఎల్ ఆరితే తీగ, ఇంటర్నెట్ ఆరితే లాగిన్. అదీ వచ్చి, ఏదైనా వెబ్‌సైట్ పేరుకి పింగ్ పోకపోతే డీఎన్ఎస్ తేడా. డీఎన్ఎస్ దగ్గర అదే 8.8.8.8 పెట్టి చూడండి. ఇంతవరకూ తేలాకే కంపెనీకి ఫోన్ చేయండి. "నెట్ రావట్లేదు" అనకుండా "డీఎస్ఎల్ లైటు నిలకడగా ఉందండీ, పీపీపీఓఈ లాగిన్ కావట్లేదు" అని చెప్పి చూడండి, అవతలివాళ్ళు మాట్లాడే తీరే మారుతుంది.

అన్నీ పనిచేస్తున్న రోజునే ఇంకో రెండు పనులు చేయండి. రూటర్ పేజీలో బ్యాకప్ అన్న చోట సెట్టింగుల ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీపీఐ, వీసీఐ ఒక కాగితం మీద రాసి ఫోన్ బిల్లుల ఫైల్లో దాచండి. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతో పాటు ఫోన్ తీగ కూడా పీకేయమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. పిడుగు రెండో దారిలోనూ వస్తుంది.

మా ఇంట్లో ఆ కాగితం ఇప్పుడు అమ్మ దగ్గరుంది. లైట్ల సంగతి చెల్లికి నేర్పించి వచ్చాను. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, డీఎస్ఎల్ లైటు మిణుకుమంటోంది, వీధిలో తవ్వుతున్నారు, లైన్‌మన్ గారికి చెప్పేశాను" అంది. పిన్నీసు జోలికి మాత్రం వెళ్ళలేదట.