రెండోసారి పిలుపు వస్తేనే వృత్తి

సంగీతం అన్నం పెడుతుందా అని పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. పెడుతుంది. వయొలిన్ మీద ఇల్లు గడుపుకుని, పిల్లల్ని చదివించుకున్నవాడిగా ఆ మాట ధైర్యంగా చెబుతాను. అయితే ఒక్క సంగతి. కచేరీకి మొదటి పిలుపు గురువుగారి పేరు చూసో, తెలిసినవాళ్ల మాట మీదో వస్తుంది. రెండో పిలుపు మన వాయిద్యాన్ని, నడవడికను చూసి వస్తుంది. ఆ రెండో పిలుపు సంపాదించుకోవడానికి నాకూ నా శిష్యులకూ పనికొచ్చినవి ఇవి.

1. ఒక గురువు దగ్గర స్థిరపడండి

ఒకే కీర్తన పదిమంది పాడింది ఫోన్‌లో దొరుకుతోంది. నచ్చిన సంగతి తలో చోట నుంచి ఏరుకుంటే మిగిలేది అతుకుల బొంతే. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారి గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకున్నవారు. పంతులుగారి శిష్యులైన బాలమురళీకృష్ణగారు 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టి సొంత దారి వేసుకున్నారంటే, కింద అంతటి పాఠాంతరం ఉంది. ముందు ఒక బాణీ చేతికి పట్టుబడాలి. ఆ తర్వాత ఎవరిని విన్నా లాభమే. వర్ణాన్ని మూడు కాలాల్లో వాయించే అలవాటు వృత్తిలో ఎంత ఎదిగినా మానకండి.

2. పక్కవాద్యం ఒక ప్రత్యేక విద్య

ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్‌ను సోలో వాద్యంగా నిలబెట్టారు. సోలో వాయించాలన్న ఆశ ఉండాల్సిందే. కానీ నూటికి తొంభైమంది వయొలినిస్టులకు కచేరీలు వచ్చేది పక్కవాద్యానికే. దానికి సాధన వేరేగా ఉండాలి.

ఈరోజు గాయకుడిది ఒకటిన్నర శ్రుతి, రేపు గాయనిది ఐదు శ్రుతి. ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. తీగల్ని అప్పటికప్పుడు అంత దూరం మారిస్తే అవి కుదురుకోవు, రెండో కీర్తనకే శ్రుతి జారుతుంది. వీలుంటే రెండు శ్రుతులకు రెండు వయొలిన్లు ఉంచుకోండి.

ఆలాపనలో గాయకుడు ఒక సంచారం పూర్తి చేసి ఊపిరి తీసుకుంటాడు. ఆయన ఆగిన స్వరాన్నే కమాను ఒత్తకుండా సన్నగా పట్టుకుని ఉండండి. ఆ ఖాళీలో మన విద్వత్తు చూపించకూడదు. మన వంతు వచ్చినప్పుడు ఆయన పాడిన సమయంలో సగంలో ముగించాలి. ఆయన దాచి ఉంచిన ప్రయోగాన్ని మనం ముందే బయటపెట్టకూడదు. మనకు రాని కీర్తన ఎత్తుకుంటే కంగారుపడొద్దు. పల్లవి మొదటి సంగతికి తగ్గి వాయిస్తూ సాహిత్యం విరిగే చోటు గమనిస్తే, మూడో సంగతికి చేయి దానంతట అదే అందుకుంటుంది. కల్పన స్వరాల్లో ముక్తాయింపు లెక్కను నోటితో చెప్పగలిగితేనే చేతికి వస్తుంది కాబట్టి మృదంగం వాళ్లతో కూర్చుని తాళం నేర్చుకోండి. పాడేవాళ్లు తమకు ఎవరితో హాయిగా ఉందో వాళ్ల పేరే మళ్లీ చెబుతారు.

3. రేడియో గ్రేడ్ తెచ్చుకోండి

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అన్నవరపు రామస్వామిగారి వంటి విద్వాంసులు పనిచేసిన చోటు. ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గినవాళ్లకు బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడ్లుంటాయి. రేడియో మీద వచ్చే డబ్బు ఇప్పుడు చిన్నదే అయినా, ఆ గ్రేడ్‌కు దేశమంతా విలువుంది. సభలవాళ్లు, దేవస్థానాలవాళ్లు అదే అడుగుతారు. రేడియో నేర్పే గొప్ప పాఠం కాలం. ఇచ్చిన నిమిషాల్లోనే రాగం, కీర్తన, స్వరం పూర్తి కావాలి. అనవసరమైనది వదిలేయడం అక్కడే అలవాటవుతుంది.

4. ఆదాయానికి నాలుగు దారులుండాలి

మన వాళ్లలో కచేరీల మీదే బతికేవాళ్లు చాలా తక్కువ. పాఠాలు, కచేరీలు, కూచిపూడి నృత్యానికి సహకారం, రికార్డింగులు కలిస్తేనే నెల గడుస్తుంది. సంగీత కళాశాల సర్టిఫికెట్, డిప్లొమాలతో ఆగకుండా విశ్వవిద్యాలయం డిగ్రీ కూడా చేయండి, అధ్యాపక ఉద్యోగానికి అది అడుగుతారు. అమెరికాలోని తెలుగు పిల్లలకు మన తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పి నిలదొక్కుకున్న శిష్యులు నాకున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. పాఠం చెప్పిన గంటల్ని సొంత సాధన కింద లెక్క వేసుకోవద్దు. రెండూ వేరు.

5. సంభావన గురించి ముందే మాట్లాడండి

అడగడానికి మొహమాటపడటం వినయం కాదు. తేదీ ఒప్పుకునేటప్పుడే సంభావన ఎంత, ప్రయాణం ఎవరిది, బస ఎక్కడ, కచేరీ ఎంతసేపు, రికార్డు చేస్తారా అన్నవి అడిగి, ఆ మాటల్నే వాట్సాప్‌లో రాసి పంపండి. త్యాగరాజ ఆరాధన గోష్ఠికి, పుష్య బహుళ పంచమి నాడు, డబ్బు మాట ఎత్తకండి. టిక్కెట్లు అమ్మి, స్పాన్సర్లను పెట్టుకుని, కళాకారుడికి మాత్రం శాలువా కప్పి పంపేవాళ్లకు కాదని చెప్పండి. ఒప్పుకున్నాక మరో చోట ఎక్కువ ఇస్తామన్నా మాట తప్పకండి. శాస్త్రీయ సంగీత కచేరీకి పారితోషికం లక్షన్నర రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆదాయపు పన్ను కోసుకుని ఇస్తే దాని రుజువు అడిగి దాచుకోండి. బ్యాంకువాళ్లు ఇంటి రుణం ఇచ్చేది ఆ కాగితాలు చూసే.

6. మీ రికార్డింగ్ మీద హక్కు మీదే

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు. ఆయన కీర్తనలు అందరివీ. బాలమురళిగారి తిల్లానాల సంగతి వేరు, రచయిత తదనంతరం 60 ఏళ్లు వాటికి హక్కులుంటాయి. మీ ప్రదర్శన మీద కాపీరైట్ చట్టం మీకు 50 ఏళ్ల హక్కు ఇచ్చింది. అందుకే చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయొద్దు. మీరు వాయించిన పాత కీర్తన మీద యూట్యూబ్‌లో ఏదైనా కంపెనీ క్లెయిమ్ పెడితే భయపడి వీడియో తీసేయకండి. వాయించింది మీరేనని, కృతి మీద ఎవరికీ కాపీరైట్ లేదని రాసి అభ్యంతరం చెప్పండి.

7. ఒంటిని చూసుకోండి

బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించి మూడేసి గంటలు కూర్చునే పని మనది. మెడ, ఎడమ భుజం, నడుము ముందుగా అరుగుతాయి. ముప్పావుగంటకోసారి వాద్యం కింద పెట్టి లేచి నడవండి. వేళ్లు తిమ్మిరెక్కితే ఆ రోజే డాక్టరుకు చూపించండి, సీజన్ అయ్యాక చూద్దాం అనుకోకండి. స్టేజి మీద మానిటర్ స్పీకర్ చెవి పక్కన పెడితే జరపమని చెప్పండి.

8. శ్రోతగా కూడా కనిపించండి

డిసెంబరు కచేరీల సీజన్‌లో మద్రాసు వెళ్లేది వాయించడానికే అనుకోవద్దు. మధ్యాహ్నం కచేరీలు చాలా చోట్ల ఉచితం. కొత్తవాళ్లకు అవకాశం ఇచ్చేది ఆ వేళల్లోనే. రెండు మూడేళ్లు కూర్చుని వింటే ఏ సభలో ఎలాంటి శ్రోతలుంటారో తెలుస్తుంది. ఇక్కడ కాకినాడ సరస్వతీ గానసభ అయినా, హైదరాబాదు త్యాగరాయ గానసభ అయినా అంతే. గ్రీన్‌రూమ్‌లో తోటి కళాకారుడి గురించి చెడ్డ మాట అనకండి. మన రంగం చిన్నది, ఆ మాట మనకన్నా ముందే తర్వాతి ఊరు చేరుతుంది.

9. ఇంటర్ రెండేళ్లూ సాధన ఆపొద్దు

ఇది తల్లిదండ్రులకు. పదో తరగతి దాకా చక్కగా వాయించిన పిల్లలు ఇంటర్‌లో, ఎంట్రన్స్ కోచింగ్ పేరుతో వయొలిన్ పెట్టె మూసేస్తారు. సరిగ్గా ఆ వయసులోనే వేళ్లకు వేగం, మనసుకు మనోధర్మం వస్తాయి. రోజుకు ఒక్క గంట సాధనకు వదలండి. ర్యాంకు ఆ గంట వల్ల పోదు.

10. మీరు పెద్దవాళ్లయ్యాక

పేరు వచ్చినవాళ్లు ఎప్పుడూ అలవాటైన పక్కవాద్యాలనే కోరితే కొత్తవాళ్లకు చోటు ఉండదు. ఏటా ఒక కచేరీకైనా కొత్త కుర్రవాడినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకోండి. తప్పు వాయిస్తే స్టేజి మీద మొహం చిట్లించకుండా ఇంటికి పిలిచి చెప్పండి. బాగా వాయిస్తే మళ్లీ పిలవండి.