బ్రౌజరు బిరుదావళి

పూర్వం రాజు సభకు వేంచేయునప్పుడు వందిమాగధులు బిరుదావళి చదివేవారు. బ్రౌజరు కూడా వెబ్‌సైటును పేజీ కోరిన ప్రతిసారీ తన పేరు, వెర్షను, ఫోనైతే దాని మోడలు సహా విన్నవించేది. దీనినే యూజర్ ఏజెంట్ స్ట్రింగ్ అంటారు. అందులో అరువు బిరుదులూ ఉన్నాయి! 1990లలో కొన్ని సైట్లు నెట్‌స్కేప్‌కే మేలైన పేజీలు పంపేవి. అది చూసి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా నెట్‌స్కేప్ వాడే ‘మొజిల్లా’ పేరునే ధరించింది. నేటికీ క్రోమ్ బిరుదావళి ఆ పేరుతోనే మొదలవుతుంది.

ఇన్ని వివరాలు కలిపితే మనిషిని, అతనికి తెలియకుండానే, ఆనవాలు పట్టవచ్చు. అందుకే క్రోమ్ 2022, 2023లలో వాటిని కుదించింది. ఇప్పుడు ఫోను ఏదైనా ఆండ్రాయిడ్‌లోని క్రోమ్ ‘ఆండ్రాయిడ్ 10, కె’ అని మాత్రమే పలుకుతుంది. మోడలును బట్టి పేజీని మలచే డెవలపర్లకు చిక్కు ఇక్కడే వచ్చింది. కావలసిన వివరాన్ని ‘క్లయింట్ హింట్స్’ ద్వారా విడిగా అడగాలి. లేదా పేరుతో పనిలేకుండా, బ్రౌజరుకు ఆ విద్య వచ్చునో రాదో పరీక్షించాలి. బిరుదును నమ్మి రాసిన పాత ప్రోగ్రాములను తిరగరాయక తప్పలేదు.