ఇంటి షెడ్డులో బండి పని – ఇంటిల్లిపాదికీ ఒక ఆరోగ్య పాఠం



కొంతకాలం క్రితం రాత్రి రెండు గంటలప్పుడు కోరుట్ల వైపు నుండి ఒక తమ్ముడిని మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. రెండు కళ్ళూ ఉబ్బి మూసుకుపోయాయి. నీళ్ళు ధారగా కారుతున్నాయి. భార్య చేయి పట్టుకొని నడిపిస్తోంది. "కండ్లల్ల ఉసికె పోసి రుద్దినట్టున్నది సిస్టరమ్మా, జర ఆ లైటు ఆర్పుండ్రి" అని బ్రతిమాలాడు. వెనుకనే పదేళ్ళ కొడుకు. వాడి కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి.

విచారిస్తే సంగతి తెలిసింది. ఆయన గల్ఫులో కొన్నేళ్ళు డెంటింగు పని చేసి వచ్చాడు. పాత పికప్ బండి ఒకటి తుక్కు ధరకు కొని, ఇంటి వెనుక రేకుల షెడ్డులో తన ఇష్టప్రకారం తీర్చిదిద్దుతున్నాడు. ఆ మధ్యాహ్నం వెల్డింగు చేస్తూ, మాస్కు అడ్డం వస్తున్నదని మామూలు నల్ల కళ్ళద్దాలు పెట్టుకొన్నాడు. కొడుకు ప్రక్కన నిలబడి రేకు పట్టుకొన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరికీ ఏమీ కాలేదు. అర్ధరాత్రి దాటాక మొదలైంది.

చేతి పని మానమని చెప్పడానికి మేము ఈ పాఠం వ్రాయడం లేదు. కంపెనీలో హెల్మెట్ లేకపోతే సూపర్‌వైజర్ లోపలికి రానివ్వడు. ఇంటి షెడ్డులో సూపర్‌వైజర్ లేడు. ఆ పని ఇంటివారే చేసుకోవాలి. ఈ నెల చెప్పదలచిన మాట ఇదే.

ఈ ముచ్చట ఎక్కడిది?

పాత బండిని విప్పి, బరువు తగ్గించి, బలమైన ఇంజను పెట్టి, సొంత రూపం ఇచ్చే అలవాటు అమెరికాలోని కాలిఫోర్నియాలో 1930లలో బాగా పెరిగింది. అలాంటి బండిని 'హాట్ రాడ్' అంటారు. 1932లో ఫోర్డు కంపెనీ తక్కువ ధరకు ఎనిమిది సిలిండర్ల ఇంజను ఇవ్వడంతో ఆ కారు, పికప్ యువకులకు బాగా నచ్చాయి. అయితే వీధుల్లో పందేలు పెట్టుకోవడం ప్రమాదకరమైంది. పందేలను వీధుల నుండి తప్పించి నియమాల క్రిందికి తేవడానికి 1951లో అక్కడ ఒక సంఘమే ఏర్పడింది.

మనవారిలోనూ ఈ నేర్పు గలవారున్నారు. హైదరాబాదుకు చెందిన కె. సుధాకర్ పాత సామాను నుండి బూటు, కెమెరా వంటి ఆకారాల్లో నడిచే బండ్లు తయారుచేశారు. 2005లో 41 అడుగుల పైచిలుకు ఎత్తుగల మూడు చక్రాల సైకిలు నడిపి గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. ఆయన బండ్ల మ్యూజియం 2010 నుండి బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర ఉన్నది.

మన జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో గల్ఫు నుండి పని నేర్చుకొని వచ్చినవారు ఎందరో ఉన్నారు. సిరిసిల్లలోనైతే ఇంటి ప్రక్కనే సాంచాలు నడుస్తాయి. ఇల్లూ కార్ఖానా ఒక్కటే అయినచోట పనివాడికి వచ్చే అపాయం పిల్లలకూ వస్తుంది.

ముందుగా ఒక చట్టం మాట

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కనుక రూపాయి ఖర్చు పెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

మెట్టు మెట్టుకు జాగ్రత్త

1. బండిని ఎత్తడం. జాకీ ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు. జాకీ మీద మాత్రమే ఉన్న బండి క్రిందికి ఒక్క నిమిషం కూడా దూరవద్దు. గట్టి, సమమైన నేల మీద చక్రాలకు అడ్డం పెట్టి, బరువుకు తగిన ఇనుప స్టాండ్లు ఛాసిస్ క్రింద పెట్టాలి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు చెప్పకుండా పగులుతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని అసలే వద్దు.

2. తుప్పు గీకడం, కోయడం. గ్రైండరు రవ్వ కంటిలో పడితే నలపరాదు. శుభ్రమైన నీళ్ళతో కడగాలి. పోకపోతే ఆసుపత్రికి రావాలి. సుత్తె దెబ్బకు ఎగిరిన ఇనుప ముక్క కంటిలో గుచ్చుకొంటే కడగవద్దు, లాగవద్దు. కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు అడ్డం పెట్టి వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. గాయం చిన్నదైనా ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకొన్నారో చూసుకోవాలి. పెద్దలకు పదేళ్ళకొకసారి టి.డి. టీకా అవసరం. మట్టి పడిన గాయమై, చివరి టీకాకు ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి.

3. వెల్డింగు. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు పైపొరను కాలుస్తాయి. నొప్పి కొన్ని గంటల తరువాత వస్తుంది. అందుకే అది రాత్రిపూట మొదలవుతుంది. చలువ కళ్ళద్దాలు చాలవు, వెల్డింగుకు తగిన నంబరు అద్దం ఉన్న మాస్కే కావాలి. ప్రక్కన నిలిచినవారికీ అదే ముప్పు. కళ్ళు కాలితే చనుబాలు, ఆముదం వేయవద్దు. నొప్పి తెలియకుండా చేసే చుక్కలను దుకాణంలో కొని పదే పదే వేసుకొంటే కంటికే చేటు. డాక్టరు చూసి మందిస్తే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఇంకొక సంగతి: జింకు పూత ఉన్న జి.ఐ. రేకును వెల్డింగు చేసిన పొగ పీలిస్తే, కొన్ని గంటలకు చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. మలేరియా అనుకొని మందులు మింగేవారున్నారు. చేసిన పని ఏమిటో డాక్టరుకు తప్పక చెప్పండి.

4. పెట్రోలు ట్యాంకు. ఖాళీ ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది, దానికి వెల్డింగు చేస్తే పేలుతుంది. పైపు నోట పెట్టి పెట్రోలు లాగవద్దు. మింగినవారిని కక్కించవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూల్‌డ్రింక్ సీసాలో పెట్రోలు, కిరోసిన్, యాసిడ్ పోసి పెట్టడమంటే పిల్లల చేతికి విషం ఇచ్చినట్టే.

5. బ్యాటరీ. ఛార్జింగు వేళ మండే వాయువు వస్తుంది, నిప్పురవ్వ దగ్గరకు రాకూడదు. ఉంగరం, గొలుసు, గడియారం తీసివేయాలి. యాసిడ్ పడితే కనీసం 20 నిమిషాలు పారే నీళ్ళతో కడగాలి. నిప్పుకు కాలిన చోటా 20 నిమిషాలు నీళ్ళే మందు. సిరా, టూత్‌పేస్టు పూయరాదు.

6. ఇంజను పరీక్ష. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొంటుంది. తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. ఎండదెబ్బ అనుకొని అక్కడే పడుకొంటే ఇక లేవకపోవచ్చు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను కూడా అప్పుడు బాగానే ఉన్నట్టు చూపించి మోసపుచ్చుతుంది. బండిని బయటకు నెట్టిన తరువాతే స్టార్టు చేయండి. ఎవరైనా లోపల పడిపోతే ముందు తలుపులన్నీ తెరవండి, బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోను చేయండి.

7. రంగు వేయడం. గట్టిపడే ద్రవం కలిపి కొట్టే స్ప్రే రంగుల్లో కొన్ని ఉబ్బసం తెప్పిస్తాయి. ముక్కుకు దస్తీ కట్టుకొంటే ఆగదు. ఈ ఒక్క పని సరైన ఏర్పాటున్న షాపులో చేయించుకోవడమే మేలు.

మరల ఆ కుటుంబం

ఆ తండ్రీకొడుకులకు రెండో రోజుకు కళ్ళు తేటపడ్డాయి. తరువాతి నెల ఆయన భార్య బి.పి. చూపించుకోవడానికి వచ్చింది. "బండి పని బంద్ చేసిండా బిడ్డా?" అని అడిగాము. "యాడ బందు సిస్టరమ్మా! గని ఇప్పుడు మాస్కు పెట్టుకోకుంటె మెయిన్ స్విచ్ నేనే తీసేస్త. పోరన్ని షెడ్డు గడప దాటనియ్య" అన్నది. ఆ షెడ్డుకు సూపర్‌వైజర్ దొరికింది గదా అని మేము సంతోషించాము.

ఇంటిల్లిపాదీ కలిసి జవాబు చెప్పండి

1. మీ ఇంట్లో ఒక్కొక్కరు ధనుర్వాతం టీకా ఏ సంవత్సరం వేయించుకొన్నారు?
2. షెడ్డు కరెంటు మెయిన్ ఎక్కడుందో ఇంట్లో ఎందరికి తెలుసు?
3. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టినవి ఏమైనా ఉన్నాయా?
4. షెడ్డులో పని చేసేవారు పిలిస్తే వినపడే దూరంలో ఎవరుంటారు?

నాలుగింటికీ జవాబు దొరికిన తరువాతే పాన చేత పట్టండి.