చామంతికి తుప్పు తెగులు

ప్రశ్న: పెరట్లో చామంతి ఆకుల అడుగున గోధుమరంగు పొక్కులు లేచాయి. ముట్టుకుంటే పొడి అంటుతోంది. ఏం చేయాలి?
– ఓ గృహిణి, మాధవరం

జవాబు: అది తుప్పు తెగులమ్మా. ఆ పొడి శిలీంధ్ర బీజాలే. గాలికి, నీటి తుంపరలకు వ్యాపించి, ఆకుపై తడి ఆరకపోతే మొలకెత్తుతాయి.

• తెగులు సోకిన ఆకులను తుంచి కాల్చేయండి, ఎరువుగుంతలో వేయొద్దు.
• ఉదయంపూట మొక్క మొదట్లోనే నీళ్లు పోయండి, ఆకులు తడపొద్దు.
• గుబురును పలచన చేసి గాలి ఆడనివ్వండి.
• లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి, ఆకుల అడుగు తడిసేలా పిచికారీ చేయండి. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. అవసరమైతే 10–15 రోజులకు మళ్లీ కొట్టండి.
• కొత్త మొక్కలకు ఆరోగ్యమైన పిలకలే తీసుకోండి.

రెండుసార్లు కొట్టినా కొత్త ఆకులకు పొక్కులొస్తుంటే, తెగులున్న కొమ్మను సంచిలో మూసి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.